ఎడమవైపు ఎవరూ లేరు

అయిదోసారి తప్పిన రోజున పరీక్షాధికారి నాతో అన్నవి రెండే మాటలు. "ఎడమవైపు చూడలేదు. మళ్లీ రండి." కారు ఆగీ ఆగకముందే, నేను బెల్టు విప్పుకోకముందే ఆ రెండూ చెప్పి, అట్ట మీది కాగితంలో ఏదో గీసుకుని దిగి వెళ్లిపోయాడు. కోపంగా కాదు. బస్సు వెళ్లిపోయిందని చెప్పే మనిషికి ఎంత కోపం ఉంటుందో అంతే.

నేను చూశాను. ఆ విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. మలుపుకి ముందు లోపలి అద్దం, తర్వాత బయటి అద్దం, తర్వాత ఎడమ భుజం మీదుగా వెనక్కి, ఆ తర్వాతే స్టీరింగ్. హాల్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఆ మలుపుని మనసులో మళ్లీ తిప్పాను. గడ్డి గుర్తుంది. తెల్లగీత గుర్తుంది. చూడకపోతే ఎలా గుర్తుంటాయి?

సొరాయా ఫోన్ చేసింది.

"ఏమైందక్కా?"

"మళ్లీ రమ్మన్నారు."

"ఈసారి కూడా వైపర్లు వేశావా?"

"లేదే."

మొదటిసారి వేశాను. మా బ్రెజిల్ కార్లలో ఇండికేటరు మీట ఎడమచేతి కింద ఉంటుంది, జపాన్ కార్లలో కుడిచేతి కింద. ఫెళ్లున ఎండ కాస్తుంటే అద్దం తుడుచుకుంటూ మలుపు తిరిగాను. ఆ కథ మా ఫ్యాక్టరీలో ఇంకా చెప్పుకుంటున్నారు.

"మరి ఏమిటట?"

"ఎడమవైపు చూడలేదట."

"మెడ తిప్పడానికి కూడా విడిగా ఫీజు కట్టమంటున్నారా ఏంటి?"

"చూశానే, సొరాయా."

"చూస్తే చాలదక్కా. చూసినట్టు ఆయనకి కనపడాలి. నేనైతే కోడిలా తిప్పాను మెడ. రెండోసారికే ఇచ్చేశారు."

సొరాయా, నేనూ భోజనం డబ్బాలు కట్టే ఫ్యాక్టరీలో ఒకే కన్వేయర్ బెల్టు దగ్గర నిలబడతాం. ఆమె అన్నం మీద నువ్వులు చల్లుతుంది. నేను పక్కన ఆమ్లెట్ ముక్క పెడతాను. నాలుగేళ్లుగా, రోజుకి కొన్ని వేల ముక్కలు. అంతకుముందు సావోపాలోలో పద్నాలుగేళ్లు స్కూలు వ్యాను తోలాను. తాత జపాన్ దీవి ఓకినావా నుంచి బ్రెజిల్ వెళ్లినవాడు కాబట్టి నాకు ఇక్కడి ముఖం ఉంది, ఇక్కడి మాట లేదు. కౌంటర్ల దగ్గర "జుల్మీరా కనాషిరో" అన్న పేరులో రెండో సగమే చదివి గబగబా మాట్లాడతారు. నా జవాబు విన్నాక నెమ్మదిస్తారు.

గున్మా జిల్లాలోని మా ఊళ్లో బ్రెజిల్ పిల్లల స్కూలు ఒకటుంది. దానికి పదిమంది పట్టే వ్యాను ఒకటుంది. ఇరవై రెండేళ్లుగా దాన్ని తోలుతున్న అర్మిందుగారు మార్చి ఇరవై రెండున విమానం ఎక్కి శాశ్వతంగా బ్రెజిల్‌కి వెళ్లిపోతున్నారు. ఆయన లేచిన సీటు నాకు కావాలి. జీతం ఫ్యాక్టరీలో కన్నా ఏమంత ఎక్కువ కాదు. కానీ నాకు చేతనైన పని ప్రపంచంలో అదొక్కటే అని యాభై రెండేళ్ల వయసులో నాకు తెలుసు. బెల్టు దగ్గర నా చేతులు నావి కావు. హెడ్మిస్ట్రెస్ దోనా లూర్దిస్ మాటిచ్చింది, షరతు పెట్టి.

"ఇరవయ్యో తారీకుకి లైసెన్సు కార్డు నా టేబుల్ మీద ఉండాలి జుల్మీరా. లేకపోతే ఇంకొకడున్నాడు. వాడి నోరు మంచిది కాదు, కానీ కార్డుంది."

నాకు మిగిలిన పరీక్ష తేదీ ఒక్కటే. మార్చి పదిహేడు.

ఆ కార్డుకి ఎంత పోశానో మొత్తం ఎప్పుడూ కలపలేదు. కలిపితే వెనక్కి తగ్గుతానని భయం. బ్రెజిల్ లైసెన్సుని ఇక్కడి కార్డుగా మార్చుకోవాలంటే ముందు దానికి జపనీస్ అనువాదం. తర్వాత, లైసెన్సు వచ్చాక ఆ దేశంలో కనీసం మూడు నెలలు ఉన్నానని రుజువు. మూడు నెలలేమిటి, పాతికేళ్లు ఉన్నాను. కానీ నా కొత్త పాస్‌పోర్టుకి ఆ సంగతి తెలియదు. చెల్లెలు అక్కడ అలమారలన్నీ వెతికి, పాత పాస్‌పోర్టు దొరక్క, మునిసిపాలిటీ ఏటేటా ఇచ్చిన వ్యాను పర్మిట్లు పద్నాలుగూ పోస్టులో పంపింది. కౌంటరు అమ్మాయి వాటిని ఒక్కొక్కటే తిప్పి చూసి, లోపలికి పట్టుకెళ్లి, నలభై నిమిషాలకి తిరిగొచ్చి, వీటికీ అనువాదం కావాలంది. రాతపరీక్ష మొదటిసారే అయిపోయింది. ఆ తర్వాత కారు పరీక్ష. ప్రతిసారీ నాలుగు వేల యెన్లు, ఒక రోజు జీతం, రెండు రైళ్లు, ఒక బస్సు. ఒక్కో తేదీకి నాలుగు వారాల ఎదురుచూపు. అయిదోసారికి ఆ కేంద్రం క్యాంటీన్‌లో నూడుల్స్ వేసే ఆవిడ, నేను టికెట్ ఇవ్వకముందే "ఉల్లికాడలు ఎక్కువే కదా?" అని అడిగింది. 

పరీక్ష కేంద్రం వెనక కంచె లోపల చిన్న ఊరంత మైదానం ఉంటుంది. సిగ్నళ్లు, జీబ్రా గీతలు, రైలు రాని రైలు గేటు. పరీక్షకి ముందు అరగంట సేపు మమ్మల్ని అందులో కాలినడకన తిరగనిస్తారు. వియత్నాం వాళ్లు, పాకిస్తాన్ వాళ్లు, శ్రీలంక వాళ్లు, మేము. అందరం లేని స్టీరింగ్ పట్టుకుని, ఎడమ అంచు వెంట వరసగా నడుస్తాం. మలుపు దగ్గర ఆగి మెడ తిప్పుతాం. కొందరు ఇండికేటరు చప్పుడు కూడా నోటితో చేస్తారు. ఎవరూ నవ్వరు. నాకు ఆ అరగంట ఇష్టం. నడుస్తున్నప్పుడు నేను ఒక్క తప్పు చెయ్యను. 

అర్మిందుగారితో ఆ వారం వ్యానులో తిరిగాను, దారులు నేర్చుకోవడానికి. ఆయన పక్కన, అంటే ఎడమ సీట్లో కూర్చున్నాను. వెనక ఎనిమిదిమంది పిల్లలు.

"కొత్త డ్రైవరత్తవి నువ్వేనా?" అని ఒకమ్మాయి అడిగింది.

"ఇంకా కాదు."

"ఎన్నిసార్లు ఫెయిలయ్యావు?"

"అయిదు."

"మా నాన్న ఎనిమిది," అంది ఆ అమ్మాయి గర్వంగా. "ఎనిమిదోసారి ఇంటికొచ్చి ఫ్రిజ్‌ని తన్నాడు."

పిల్లలు దిగిపోయాక అర్మిందుగారు ఇంజను ఆపి అడిగారు. "వాడు ప్రతిసారీ ఎడమవైపే అంటున్నాడా?"

"వెనకటి మూడుసార్లూ అదే."

"మనుషులు మారినా?"

"ఇద్దరు వేరువేరు అధికారులు."

"అయితే నువ్వు చూడటం లేదమ్మాయ్."

నాకు ఒళ్లు మండింది. "అర్మిందుగారూ, పద్నాలుగేళ్లు తోలాను. ఒక్క గీత పడలేదు బండికి."

"బండి సంగతి నేనడగలేదే."

ఆదివారం ఊరి చివర డ్రైవింగ్ స్కూలుకి వెళ్లాం. మూతపడటానికి సిద్ధంగా ఉన్న స్కూలు అది. దాని మైదానాన్ని, ఒక పాత కారుని గంటకి ఏడు వేలకి అద్దెకిస్తారు. యజమాని స్టవ్ పక్కన కునుకు తీస్తుంటాడు, అర్మిందుగారి మీద నమ్మకంతో మా వెంట ఎవర్నీ పంపడు. సొరాయా కూడా వచ్చింది. రాగానే "నేను ఈ చలిలో చావలేను, లోపల టీ తాగుతా" అని ఆఫీసులోకి పోయింది. ఆమె వేసుకున్న వానకోటు నారింజ రంగుది. ఆ సంగతి నాకు తర్వాత బాగా గుర్తుండిపోయింది.

ముందు కాలినడకన ఒకసారి తిరిగి, తర్వాత కారులో ఒక చుట్టు తిరిగాను. రెండో చుట్టులో ఎడమ మలుపు దాటగానే అర్మిందుగారు ఆపమన్నారు.

"ఎడమవైపు చూశావా?"

"చూశాను."

"ఏముంది?"

"ఏముంటుంది? గడ్డి. తెల్లగీత. వెనకాల ప్రహరీ."

"ఇంకా?"

"ఇంకేం లేదు. ఎవరూ లేరు."

ఆయన తన వైపు అద్దం దించి, తల బయటికి పెట్టి కేకేశారు. "రా తల్లీ, చాలు!"

మలుపు లోపలి మూల నుంచి, అంటే నేను చూశానన్న చోటు నుంచే, నారింజ రంగు కోటు కదిలి వచ్చింది. ఒక చేతిలో విప్పిన గొడుగు. ఇంకో చేతిలో ఎర్ర బకెట్.

"ఏంటక్కా నువ్వు?" అంది సొరాయా ఆయాసపడుతూ. "మొదటి చుట్టులో గొడుగు ఊపాను. రెండో చుట్టులో బకెట్ కూడా ఊపాను. పొలంలో దిష్టిబొమ్మని నిలబెట్టినట్టు నిలబెట్టాడు ఈయన నన్ను! కాకులైనా చూసేవి."

నేను నవ్వాలని ప్రయత్నించాను. అది ఆటపట్టించడం అనుకోవడానికి నాకు కొంత సమయం కావాల్సి వచ్చింది, ఆ సమయం ఎవరూ ఇవ్వలేదు. నేను చెప్పిన గడ్డి అక్కడే ఉంది. గీత ఉంది. గోడ ఉంది. కానీ అవి నేను అప్పుడు చూసినవి కావు. మొదట్లో కారెక్కకముందు నడుస్తూ చూసినవి. మనసు వాటిని దాచుకుని, అవసరమైనప్పుడల్లా ఆ చోట అతికిస్తోంది. మనిషి నిలబడి ఉన్న చోట గోడ అతికించింది. ఆ పనిని ఎంత శుభ్రంగా చేసిందంటే, నేను ప్రమాణం చేసి ఉండేదాన్ని.

"మెడ నొప్పేమైనా ఉందా?" అన్నారు అర్మిందుగారు.

"లేదు."

"దిగి నడువు."

నడిచాను, లేని స్టీరింగ్ పట్టుకుని. మలుపు దగ్గర మెడ తలుపులా తిరిగింది. సొరాయా నాలుక బయటపెట్టి వెక్కిరించడం కూడా కనిపించింది. కార్లో కూర్చున్నాను. చేతులు స్టీరింగ్ మీద పడగానే ఎడమవైపు ఏదో బిగుసుకుంది. నొప్పి కాదు. కాలు ముందుకి వేస్తే అక్కడ మెట్టు లేదని ఒంటికి ముందే తెలిసినట్టు.

"పరీక్షలో వెనక సీట్లో తర్వాతివాళ్లని కూర్చోబెడతారు కదా," అన్నారాయన. "ఎడమవైపేగా? మొన్న ఎవరు కూర్చున్నారు?"

"ఎవరో."

"ఆడా మగా?"

చెప్పలేకపోయాను. అయిదు పరీక్షల్లో నా వెనక అయిదుగురు కూర్చుని ఉంటారు. ఒక్కరి ముఖం లేదు నా దగ్గర.

"మన దేశంలో నిన్ను ఎన్నిసార్లు?" అని ఆయన అడిగారు. ఏమిటని చెప్పలేదు. మాలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

"ఒక్కసారే."

"నన్ను నాలుగుసార్లు. నాలుగోసారికి వాచీ ఇంట్లో పెట్టి వెళ్లడం నేర్చుకున్నాను. ఏ వైపు నుంచి వచ్చాడు?"

"ఎడమ."

మా కార్లలో డ్రైవరు కూర్చునేది ఎడమవైపు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు తుపాకీతో దోచుకోవడానికి వచ్చేవాడు ఆ కిటికీకే వస్తాడు. అలాంటప్పుడు పక్కకి చూడకూడదన్నది మా ఊళ్లో ప్రతి డ్రైవరుకీ తెలిసిన నియమం. ముఖం చూసినవాళ్లనే కాలుస్తారు. ఎర్రలైటు వంక చూడాలి, చేతులు కనపడేలా ఉంచాలి, అడిగింది ఇచ్చెయ్యాలి.

"అదిగో, అందుకే!" అంది కిటికీ దగ్గరికొచ్చిన సొరాయా. "దీనికి డాక్టరున్నాడక్కా, పోర్చుగీసు మాట్లాడేవాడు. ఫోన్లోనే చూస్తాడు. మా అత్తగారికి లిఫ్టు భయం పోగొట్టాడు. ఇప్పుడు ఆవిడ రోజూ మా ఇంటికొస్తోంది, అది వేరే విషయం."

అర్మిందుగారు నవ్వారు. నేనూ నవ్వాను. భయం అనే మాట ఆ ఇద్దరికీ సరిపోయింది. ఇంటికి వెళ్తున్నప్పుడు ఆ మాట నాకెందుకు సరిపోవడం లేదో ఆలోచించాను. తనకి తాను చెప్పుకునే కారణం మరీ తేలిగ్గా దొరికితే, మనిషి ఇంకేదో దాస్తున్నాడన్నమాట. నా విషయంలో నేనెప్పుడూ ఈ అనుమానం వదులుకోలేదు.

జరిగింది ఇది. సావోపాలోలో ఒక సోమవారం మధ్యాహ్నం, స్కూలు వదిలాక, వ్యానులో తొమ్మిదిమంది. పిల్లలకి నేనొక ఆట నేర్పాను. "బొమ్మలు!" అని నేనంటే అందరూ ముందుకి చూస్తూ కదలకుండా కూర్చోవాలి. ఎవరు కదిలితే వాళ్లు ఓడినట్టు. తల్లిదండ్రులకి ఆ ఆట చాలా నచ్చింది, దాని అర్థం వాళ్లకి తెలుసు కాబట్టి. ఆ రోజు సిగ్నల్ దగ్గర మోటారుసైకిల్ ఎడమవైపు వచ్చి ఆగింది. నేను "బొమ్మలు!" అన్నాను. కానీ వాడు నా కిటికీకి రాలేదు. నా వెనక కిటికీకి వెళ్లాడు. అక్కడ తాయినా కూర్చుని ఉంది. తొమ్మిదేళ్లది. చేతిలో వాళ్ల అమ్మ ఫోను. ఎండకి అద్దం సగం దించి ఉంది.

తాయినా ఒక్కసారి "అత్తా" అని పిలిచింది. గట్టిగా కాదు. బ్యాగు పైనుంచి తీసివ్వమని పిలిచినట్టే.

నేను ఎర్రలైటు వంక చూస్తూ "ముందుకి చూడమ్మా" అన్నాను.

అంతే. వాడు ఫోను తీసుకుపోయాడు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ సాయంత్రం తాయినా వాళ్లమ్మ మొక్కజొన్న పిండి కేకు చేసి తెచ్చింది. "మీరు కాబట్టి సరిపోయింది, ఇంకొకరైతే తిరిగి చూసేవాళ్లు" అంది. కేకు బాగుంది. తిన్నాను. మర్నాటి నుంచి తాయినా కుడివైపు చివరి సీట్లో కూర్చోవడం మొదలుపెట్టింది. ఎందుకని నేనడగలేదు. ఏడాది చివరికి వాళ్లు వేరే పేటకి మారిపోయారు.

నేను చేసింది సరైనదే. ఇప్పటికీ అంతే అంటాను. ఇంకోసారి జరిగినా అలాగే చేస్తాను. అయినా, ఇంతకాలమూ దాన్ని నేను భద్రపరుచుకున్నది నా నిబ్బరం అనే పేరుతో. ఎవరికి చెప్పినా "చేతులు వణకలేదు" అనే దగ్గర ఆపేదాన్ని. ఆ పిలుపు కథలోంచి ఎప్పుడో జారిపోయింది. జారి మెడలో ఉండిపోయిందా? అలా అనుకోవడం బాగానే ఉంది, బహుశా అందుకే నాకు పూర్తి నమ్మకం లేదు. నాకు తెలిసింది ఒక్కటే. నెలల తరబడి ఒక దేశం నన్ను డబ్బు కట్టించుకుని మరీ ఎడమవైపు వెనక్కి చూడమంటోంది, నేను చూడలేకపోతున్నాను. కార్డు కోసం చూడాలి. కార్డు వస్తే ఆ వెనక సీట్లో మళ్లీ ఎవరో ఒక పిల్ల కూర్చుంటుంది.

డాక్టరుకి ఫోన్ చెయ్యలేదు. టైము లేదు. దారి చూపించింది మేమందరం ఎగతాళి చేసే పని.

ఫ్యాక్టరీలో పొద్దున్నే బెల్టు కదలకముందు అందరం వరసగా నిలబడి, ఒక్కొక్క వస్తువునీ వేలితో చూపిస్తూ గట్టిగా చెప్పాలి. "తొడుగులు, సరే! టోపీ, సరే! బెల్టు, సరే!" జపాన్ వాళ్లు దీన్ని మనస్ఫూర్తిగా చేస్తారు. మేము నోట్లో నోట్లో గొణుగుతాం. సొరాయా అయితే వేలు నా వైపు పెట్టి "జుల్మీరక్క, ముసలిది, సరే!" అంటుంది. మైదానానికి వెళ్లొచ్చిన మర్నాడు, సోమవారం, నేను గమనించాను. వేలు పోయిన చోటికి కన్ను పోతోంది. ఇష్టం ఉన్నా లేకపోయినా.

అర్మిందుగారికి చెప్పాను. ఆయన ఒప్పుకున్నారు, ఒక సవరణతో.

"సరే అనొద్దు. సరే అని నోరు దానంతటదే అనేస్తుంది. ఏముందో చెప్పు."

శనివారం, ఆదివారం, మళ్లీ శనివారం. అయిదు గంటల అద్దె. సొరాయా మలుపు మలుపుకీ చోటు మార్చుకుంటూ నిలబడింది. జీతం అడిగింది, వారానికొక డబ్బా చీజ్ ఉండలు. మొదట్లో కారు ఆపి, ఎడమచెయ్యి ఎత్తి వేలు చూపించి, వేలి వెంట మెడని లాక్కెళ్లేదాన్ని. బావిలోంచి బరువైన బకెట్ లాగినట్టుండేది.

"ఏముంది?"

"గోడ."

"గోడ ముందు?"

"...సొరాయా."

"ఆమె చేతిలో?"

"గొడుగు."

"విప్పిందా, మూసిందా?"

"తెలీదు."

"అయితే నువ్వు చూసింది గొడుగు కాదు, సొరాయా దగ్గర గొడుగుంటుందన్న జ్ఞాపకం. మళ్లీ."

రెండో వారానికి వేలు అక్కర్లేకపోయింది, నోరు చాలింది. పరీక్షలో చేతులు స్టీరింగ్ మీదే ఉండాలి కాబట్టి అది అవసరం కూడా. కానీ ఏదో నయమైపోయిందని చెప్పను. చూసిన ప్రతిసారీ వెన్నులో చల్లటి నీటిబొట్టు ఒకటి దిగేది. అది దిగుతుండగానే చెప్పడం నేర్చుకున్నాను. "సొరాయా. గొడుగు లేదు. అరటిపండు తింటోంది."

"సగం తినేశా!" అని అరిచింది సొరాయా బయటినుంచి. "అదీ చెప్పు!"

మార్చి పదిహేడున గాలి విపరీతంగా ఉంది. అదే అధికారి. నా వెనక కూర్చోవలసిన అమ్మాయి వియత్నాం ఆమె. ముఖానికి మాస్కు, ఒళ్లో గుడ్డసంచి. కారు చుట్టూ తిరిగి, కిందకి వంగి చూసి, ఎక్కాను. బెల్టు. అద్దాలు. కుడిచేతి కింద మీట. బయల్దేరాను.

మొదటి ఎడమ మలుపు సిగ్నల్ దగ్గర. ఎర్రలైటు పడింది, ఆగాను. ఎర్రలైటు వంక చూస్తూ ఉండిపోయాను. ఎంతసేపో తెలియదు. ఇలా చూస్తూ ఉంటే అంతా సవ్యంగా ఉంటుందన్న పాత నమ్మకం చేతుల్లోకి ఎక్కడం తెలుస్తూనే ఉంది. పచ్చలైటు పడింది. అద్దం, రెండో అద్దం, ఇక భుజం. బొట్టు దిగింది. మెడ తిరిగింది.

వియత్నాం అమ్మాయి సరిగ్గా నా కళ్లలోకి చూస్తోంది. భయపడుతోంది. నన్ను చూసి కాదు, తన పరీక్షని తలుచుకుని. సంచి పట్టుకున్న వేళ్లు తెల్లబడి ఉన్నాయి. నేను కొంచెం తల ఊపాను. ఆమె కూడా ఊపింది. ఆమె వెనక అద్దంలోంచి గడ్డి, గాలికి ఒకే వైపు వాలి ఉంది. ఇది నేను నడిచినప్పటి గడ్డి కాదు. అప్పుడు అది నిటారుగా ఉంది.

"ఒక అమ్మాయి," అన్నాను మా భాషలో. "సంచి. గడ్డి. ఎవరూ లేరు."

"ఏమన్నారు?" అన్నాడు అధికారి.

"ఎడమవైపు ఎవరూ లేరు అన్నాను," అని జపనీస్‌లో చెప్పి మలుపు తిరిగాను.

ఆయన ఏదో రాసుకున్నాడు. మిగతా మలుపుల్లో కూడా చెప్పాను. ఇరుకుదారి, వంకరదారి, రైలు గేటు. గేటు దగ్గర అద్దం దించి, రాని రైలు చప్పుడు విన్నాను. కారు నిలిపాక ఆయన వెంటనే దిగలేదు.

"ఎడమవైపు చూశారు," అన్నాడు.

"చూశాను."

"ఒకచోట మరీ ఎక్కువసేపు చూశారు. అంత చూడకూడదు. ముందు ఏముందో ఎవరు చూస్తారు?" అని దిగిపోయాడు.

మధ్యాహ్నం హాల్లో బోర్డు మీద నంబర్లు వెలిగాయి. పదకొండులో మూడు. నాది ఉంది. నా నంబరు కాగితం నాలుగుసార్లు చూసుకున్నాను, చివరిసారి గట్టిగా చదివి. వియత్నాం అమ్మాయిది లేదు. ఆమె నాకు అభినందనలు చెప్పి, వచ్చే తేదీ కోసం కౌంటరు వరసలో నిలబడింది. ఏం చెప్పాలో తెలియక, క్యాంటీన్ నూడుల్స్ టికెట్ ఒకటి కొని ఆమె చేతిలో పెట్టాను. ఉల్లికాడలు ఎక్కువేస్తారని చెప్పాను.

కార్డు మీది ఫొటోలో నేను ఎవరి మీదో కేసు పెట్టడానికి వచ్చినదానిలా ఉన్నాను. దోనా లూర్దిస్ దాన్ని టేబుల్ మీద తిప్పి చూసి, "గడువు మూడేళ్లేనా?" అని మాత్రం అంది. అర్మిందుగారు ఇరవై రెండున వెళ్లిపోయారు. వ్యాను తాళాలు ఇస్తూ, రెండో గేరు చలికాలంలో మొరాయిస్తుందని చెప్పారు.

మొదటి రోజు పొద్దున ఎనిమిదిమంది ఎక్కారు. నా వెనక ఎడమ కిటికీ దగ్గర ఎవరు కూర్చోవాలో నేను చెప్పలేదు. ఫ్రిజ్‌ని తన్నిన నాన్న కూతురు, పేరు కెటిలీ, వచ్చి కూర్చుంది. బొమ్మల ఆట ఎవరికీ నేర్పలేదు. ఇక్కడ దాని అవసరం లేదని చెప్పడం సులువు. అవసరం లేని చోట నేను మంచిదాన్నే, ఆ సంగతి నాకు తెలుసు.

స్టేషన్ ముందు సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడింది.

"అత్తా," అంది కెటిలీ.

బొట్టు దిగింది. తిరిగి చూశాను.

"ఆ కుక్కని చూశావా?"

"చూశాను," అన్నాను. "గోధుమరంగుది. పొట్టి కాళ్లు. నీలం చొక్కా తొడిగారు."

"గుండీ ఊడింది."

ఇంకోసారి చూశాను. "అవును. కింది గుండీ."

వెనకాల కారు చిన్నగా హారన్ కొట్టింది. పచ్చలైటు ఎప్పుడు పడిందో చూసుకోలేదు.